ఎనిమిది అడుగుల పొట్టి మొక్కలు

ఉద్యోగం వచ్చాక పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. రాకముందే పోగొట్టుకోవాలంటే మాత్రం ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ నాలో పుష్కలంగా ఉందని ఇరవై ఆరో ఏట, మా ఇంటి నడిమి గదిలో, భోజనానికి కూర్చున్న పోలీసాయన ఎదుట, ఆయన ఏమీ అడగకుండానే రుజువు చేసుకున్నాను. చదువుతూ మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మా వరుస క్వార్టర్లవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరు కొత్తగా చేరినంత మాత్రాన నాకు పోయేదేమీ లేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గోదావరిఖని. మా బాపు, అంటే మా నాన్న, ముప్పై ఏళ్లు బాయిలోకి దిగాడు. బయటివాళ్లు బొగ్గు గని అంటారు, మేం బాయి అంటాం. ముప్పై ఏళ్లు దిగి ఎక్కేసరికి ఆయన నడుము పూర్తిగా పాడైంది. మెడికల్ బోర్డువాళ్లు చూసి, ఇక ఈయన పనికి అన్‌ఫిట్ అని తేల్చారు. ఆ మాట చెవిన పడగానే మా అవ్వ వరుసంతా తిరిగి మైసూర్‌పాక్ పంచింది. అవ్వ అంటే మా అమ్మే. మొగుడి నడుము పోతే మిఠాయిలు పంచడమేమిటని ఆమెను తప్పుగా అనుకోకండి. మా దగ్గర తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది.

వస్తుంది కానీ ఊరికే రాదు. వయసు కాగితం, చదువు కాగితం, కుటుంబం కాగితం, అన్నీ అయ్యాక ఆఖరున పోలీసు వెరిఫికేషన్. స్టేషన్ నుంచి ఒకాయన ఇంటికి వచ్చి, పిల్లవాడు ఎలాంటివాడో చుట్టుపక్కల అడిగి తెలుసుకుని రాసుకుపోతాడు. అందులో ఒక్క మచ్చ ఉన్నా ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఇంటికి ఈ అవకాశం ఒక్కసారే. ఉద్యోగం రాకపోతే కంపెనీ క్వార్టర్ కూడా ఖాళీ చేయాలి. అంటే మా ముగ్గురి తిండీ, తలమీది కప్పూ నా మంచితనం మీద ఆధారపడి ఉన్నాయన్న మాట. అందుకే అవ్వ రోజూ పొద్దున్నే నాకు ఒకటే మాట చెప్పేది.

"ఒరే శ్రీనూ, ఫైలు నడిచినన్ని దినాలు నువ్వు ఏం చెయ్యకురా. మంచి పని గూడ చెయ్యకు. ఊకె కూసో."

ఊరికే కూర్చున్నాను. కూర్చుంటే చేతిలో ఫోనుంటుంది కదా. ఫోను చేతిలో ఉన్న నిరుద్యోగికి తెలియని విద్య ఉండదు. రెండు నెలల్లో కుందేళ్ల పెంపకం, ముత్యాల పెంపకం, కొవ్వొత్తుల తయారీ అన్నీ చదివి వదిలేశాను. ఆ తర్వాత ఒక పేజీ తగిలింది. గంజాయిలో ఏదో పొట్టి రకమట. సాటివా అనే జాతి వాటా ఎక్కువ, ఎత్తు తక్కువ. విత్తనం నుంచి ఇంట్లోనే పెంచుకోవచ్చట, నడుము ఎత్తు దాటదట. కింద ఎవరో, దీని నూనె రాస్తే వెన్నునొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని రాశాడు. నేను మంచం మీద బోర్లా పడుకుని మూలుగుతున్న బాపు వైపు చూశాను, మళ్లీ ఫోను వైపు చూశాను. సగం ఆయన నడుము కోసం, సగం దోస్తుల దగ్గర గొప్ప కోసం, ఆ క్షణంలోనే నేను శాస్త్రవేత్తనైపోయాను.

ఇది నేరమని తెలీదా అని అడుగుతారు. ఎందుకు తెలీదు, చాలా బాగా తెలుసు. అసలే పోలీసు వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషిని. కానీ పొట్టి మొక్క కాబట్టి నేరం కూడా పొట్టిదే అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను.

విత్తనం కావాలి. మా చుట్టాల్లో ఏ వస్తువు కావాలన్నా నస్పూర్‌లో ఉండే తిరుపతి బావను అడుగుతాం. మేనత్త కొడుకు, నాకంటే ఆరేళ్లు పెద్ద, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. షేర్ ఆటో ఎక్కి, బస్సు మారి వెళ్లి, దుకాణంలో ఎవరూ లేనప్పుడు చెవిలో చెప్పాను. బావ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"నీ ఫైలు యాడిదాక వచ్చింది?"

"పోలీసు వెరిఫికేషన్ కాడ ఉన్నది బావా."

"గదే కాడ ఉండంగ, నీకు గిదే గావాల్నా?"

"బాపు నడుము కోసం బావా. నువ్వు ఇయ్యకుంటె ఇంకెవన్నన్న అడుగుత."

బావ లేచి, దుకాణం వెనకాల ఉన్న ఇంట్లోకి వెళ్లాడు. లోపల డబ్బాలు తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది. ఒక అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టి, నా చెవుల్లో ఉన్న కొత్త ఇయర్‌ఫోన్లు లాక్కున్నాడు.

"ఏడు గింజలున్నయ్. సక్కగ ఇంటికి వో. ఇంకెవ్వన్ని అడగకు, ఎవ్వలకు చెప్పకు. మొలవకుంటె నాకు ఫోన్ చెయ్యి, ఇంకో ఏడు ఇస్త."

అగ్గిపెట్టె తెరిచి చూశాను. ఫోన్లో బొమ్మలోని గింజలు గుండ్రంగా, చారలతో ఉన్నాయి. ఇవి మూడు మూలలతో, బూడిద రంగులో ఉన్నాయి.

"బావా, ఫోన్ల గుండ్రంగున్నయ్."

"గవి ఫారిన్‌వి. గివి మన నేలకు అలవాటైనయ్."

నేను అంతా తెలిసినవాడిలా తలాడించాను. నేలను బట్టి గింజ ఆకారం మారుతుందని ఎక్కడో చదివినట్టు కూడా గుర్తుకొచ్చింది.

స్థలం సిద్ధంగా ఉంది. మా పక్క క్వార్టర్‌లో ఉన్నాయన రిటైరై వెళ్లిపోయాక అది ఖాళీగా పడి ఉంది. ముందు తాళం, వెనక పెరడు, పెరట్లో పాత బొగ్గు గది. మధ్య గోడ ఒకచోట కూలి, మనిషి దూరేంత సందుంది. వానలు మొదలైన వారంలో బొగ్గు గది వెనకాల ఏడు గింజలూ పెట్టాను. అయిదో రోజుకు ఏడూ మొలిచాయి. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందంటే, చొక్కా బొత్తాలు కూడా పట్టలేదు.

మొదట ఆకులు మామూలుగా వచ్చాయి. కొంచెం దిగులు పడ్డాను. తర్వాత పైన వచ్చిన ఆకులు వేళ్లలా చీలాయి. పరుగున ఫోను తెచ్చి పక్కన పెట్టి చూశాను. బొమ్మలో ఏడు వేళ్లు, నా ఆకుకు అయిదు. ఇంకా చిన్నది కదా, మిగతా రెండూ వస్తాయిలే అని ధైర్యం చెప్పుకున్నాను. ఊరి పక్కన నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము పడి ఆకులు నల్లబడుతుంటే, రోజూ బాపు తువ్వాలతో ఒక్కో ఆకూ తుడిచేవాణ్ని. అంత శ్రద్ధగా నా మొహం కూడా నేనెప్పుడూ కడుక్కోలేదు.

"తువ్వాల గిట్ల నల్లగెందుకైందిరా?" అని అవ్వ అడిగింది.

"మొఖం తుడ్సుకున్ననే."

"బాయిల దిగకముందే గింత నల్లగైతె, దిగినంక ఏమైతవురా నువ్వు?"

మొక్కలు పెరిగాయి. నడుము దాకా వచ్చాయి. పేజీ ప్రకారం అక్కడ ఆగాలి. ఆగలేదు. ఛాతీ దాకా వచ్చాయి, భుజం దాటాయి. ఒక రోజు నేను తలెత్తి వాటిని చూడాల్సి వచ్చింది. గోడ మీది నుంచి ఏడు తలలు వరుసంతా తొంగి చూడటం మొదలుపెట్టాయి. వెంటనే బావకు ఫోన్ చేశాను.

"బావా, పొట్టి రకమన్నవ్ గదా. గోడ దాటుతున్నయ్!"

"మీ గోడ ఎంతెత్తున్నది?"

"ఆరు ఫీట్లు."

"మరి మీ గోడ పొట్టిగున్నదిరా. మొక్కలది ఏం తప్పున్నది?"

నిజమే కదా అనిపించింది. అయినా దాచాలి కాబట్టి తాడుతో ఏడింటినీ వంచి మేకులకు కట్టాను. వంగినచోటు నుంచి కొత్త కొమ్మలు వచ్చి నిటారుగా లేచాయి. అడ్డంగా తీగ కట్టి ఇంట్లోని చెద్దర్లన్నీ ఆరేశాను. చెద్దర్ల పైనుంచి కూడా ఆకులు ఊగేవి. ఇంత బలంగా పెరిగాయంటే సరుకు ఎంత బలంగా ఉంటుందో అని నాకు భయంతో పాటు గర్వం కూడా కలిగింది.

ఆ గర్వంతోనే ఒకరోజు మధ్యాహ్నం రెండు లేత ఆకులు తుంపి నమిలాను. పుల్లగా ఉన్నాయి. పేజీలో నిమ్మ రుచి ఉండే రకాల గురించి రాసి ఉంది. ఇది అలాంటి మేలురకమే అయి ఉంటుందని సంతోషించాను. సరిగ్గా అప్పుడు కాళ్ల కింద నేల ఊగింది. బొగ్గు గది రేకులు గలగలమన్నాయి. కోళ్లు అరుచుకుంటూ పరుగెత్తాయి. నేను గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. రెండు ఆకులకే భూమి ఊగితే నూనె తీస్తే ఏమవుతుంది! బాపు నడుమే కాదు, వరుసలోని నడుములన్నీ లేచి నిలబడతాయి.

ఇంతలో మా ఇంటికి అవతలి వైపు క్వార్టర్ నుంచి సమ్మయ్య కాక గొంతు వినిపించింది. ఆయన బాపుతో కలిసి పనిచేసి రిటైరైన మనిషి.

"ఇయ్యాల ఓపెన్‌కాస్టోళ్లు జర గట్టిగనే పేల్చిండ్రు!"

ఊళ్లో పుట్టినప్పటి నుంచి ఆ బ్లాస్టింగ్ వింటున్నవాణ్ని. నేల ఊగడం నాకు కొత్త కాదు. ఎవరైనా అక్కడితో కళ్లు తెరుస్తారు. నేను మాత్రం బ్లాస్టింగ్ సగం, ఆకులు సగం అని ఆ ఊపును రెండు వాటాలు వేసుకుని, ధీమాగా ఇంటికొచ్చి పడుకున్నాను.

తర్వాతి వారం నుంచి కొత్త గండం మొదలైంది. ఆకులు మాయమవుతున్నాయి. మేక తిన్నట్టు కాదు, లేత చివుళ్లు మాత్రమే ఏరి, గోటితో గిల్లినట్టు శుభ్రంగా పోతున్నాయి. అంటే ఎవడో సంగతి తెలిసినవాడు. అంటే నా రహస్యం బయటపడింది. అనుమానం నేరుగా సమ్మయ్య కాక మీదికి వెళ్లింది. ఎందుకంటే ఎప్పుడూ చిటపటలాడే మనిషి ఆ మధ్య హుషారుగా కనిపిస్తున్నాడు. కూపీ లాగుదామని వెళ్లాను.

"ఏం కాకా, ఈ నడుమ మస్తు ఖుషీగున్నవ్?"

"ఖుషీ కాదుర, నిద్ర మంచిగ వడుతున్నది. తింటె సాలు, కన్ను మూతవడుతున్నది."

"ఏం తింటున్నవ్ కాకా?"

"మీ అవ్వ పంపించిందే తింటున్న. నాకెవలు వండుతరు? మా ఇంటామె బిడ్డ కాన్పుకని పోయె."

మాట మారుస్తున్నాడని అనుకున్నాను. దొంగ ఇంత నిబ్బరంగా మాట్లాడుతున్నాడంటే అలవాటు బాగా ముదిరిందన్న మాట. పైగా వెరిఫికేషన్‌లో సాక్షి సంతకం చేయాల్సింది ఈయనే. ఇక ఆ మనిషిని ఏమీ అనలేక, రోజూ ఎదురుపడ్డప్పుడల్లా అనవసరంగా నవ్వుతూ తిరిగాను.

మూడో నెల నిండిన వారంలో, ఒకరోజు పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. స్టేషన్ నుంచి. మధ్యాహ్నం వెరిఫికేషన్‌కు వస్తున్నాం, ఇంట్లో ఉండు అన్నారు. అవ్వ ఇల్లు ఊడ్చడం మొదలుపెట్టింది, బాపు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను కత్తి పట్టుకుని పక్క పెరట్లోకి పరుగెత్తాను. ఎనిమిది అడుగుల మొక్కలు, ఏడు. నరికితే ఎక్కడ దాచను? కాల్చేద్దామా అంటే ఆ పొగ క్వార్టర్ల మీదుగా పోయి, ఫస్టు షిఫ్టు దిగి వచ్చే వందల మంది నడి రోడ్డు మీదే పడుకుంటారేమో. ఊరంతటినీ మత్తులో ముంచిన పాపం నాకెందుకని కత్తి కింద పడేసి, విరిగిన మంచం ఒకటి తెచ్చి అడ్డంగా నిలబెట్టి వచ్చాను. మంచం ఎత్తు ఆరడుగులు.

పోలీసాయన ఒంటిగంటకు వచ్చాడు. యాభైకి దగ్గరగా ఉంటాడు. పొద్దున్నుంచి అయిదిళ్లు తిరిగాడట, హెల్మెట్ తీసి కుర్చీలో కూలబడ్డాడు. ఫైలు తెరిచి నా పేరు, చదువు, కేసులేమైనా ఉన్నాయా అని అడిగాడు. నేను నిటారుగా నిలబడి అన్నింటికీ ఠకాఠకా జవాబు చెప్పాను. తర్వాత సమ్మయ్య కాకను పిలిపించారు.

"పోరడు ఎసొంటోడు?"

"బంగారమసొంటోడు సార్. ఎటు వోడు, ఎవ్వలతోని తిరగడు. పొద్దంత గా పక్క క్వార్టర్ ఎనుకనే ఉంటడు."

పోలీసాయన పెన్ను ఆగింది. "పక్క క్వార్టర్ ఎనుక ఏమున్నది?"

"ఏం లేదు సార్! మంచమున్నది!" అన్నాను నేను.

ఆయన నా వైపు వింతగా చూశాడు గానీ, అంతలో వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చి నన్ను కాపాడింది. అవ్వ బయటికొచ్చి, "పగటీలి అయింది సార్, రెండు మెతుకులు తిని పోండ్రి" అంది. ఆయన వద్దు వద్దన్నాడు. వద్దంటూనే లేచి చేతులు కడుక్కున్నాడు. అవ్వ వేడివేడి అన్నం, పప్పుకూర, పక్కన ఉల్లిగడ్డ ముక్కలు పెట్టింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"పుంటికూర పప్పు! అవ్వా, గింత లేత పుంటికూర యాడ దొరికింది? మార్కెట్ల ఉన్నదంత వాడిపోయి ఉంటది."

గోంగూరను మా దగ్గర పుంటికూర అంటారు. నాకు పప్పులో ఉడికాక తెలుసు, చెట్టు మీద ఎలా ఉంటుందో తెలీదు. పళ్లెంలోకి వచ్చేదాకా కూరల మొహం చూడనివాణ్ని. అవ్వ మురిసిపోతూ చెప్పింది.

"మార్కెట్ ఎందుకు సార్? గా పక్క క్వార్టర్ ఎనుక మస్తుగ ఏపుగ పెరిగింది. నెల సంది గదే తెంపుకొచ్చి వండుతున్న. సమ్మయ్యకు గూడ రోజు గిన్నెడు పంపుతున్న."

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అంటే, నాకు అర్థమైంది. గంజాయిని పుంటికూర అనుకుని అవ్వ నెల రోజులుగా మా అందరికీ వండి పెడుతోంది! సమ్మయ్య కాక తిన్న వెంటనే కన్ను మూతపడటం అందుకే. బాపు మధ్యాహ్నం గురక పెట్టడం అందుకే. నేను అన్నం తిన్నాక ఏ పనీ చేయాలనిపించకపోవడం కూడా అందుకే, అయితే అది చిన్నప్పటి నుంచీ ఉన్న సంగతి ఆ గాభరాలో మర్చిపోయాను. ఇప్పుడు విచారణకు వచ్చిన పోలీసాయన రెండో ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు.

నేను ఎగిరి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"తినకుండ్రి సార్! గది పుంటికూర గాదు, గంజాయి! నేనే పెట్టిన! మా అవ్వకు ఏం తెల్వది, మా బాపుకు తెల్వది, సమ్మయ్య కాక అలవాటు పడ్డడు గని ఆయనకు గూడ తెల్వది!"

అవ్వ చేతిలోని గరిటె జారి కింద పడింది. బాపు గోడ పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్కో అంగుళం లేచి నిలబడ్డాడు. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ముప్పై ఏండ్లు దిగిన్నురా," అన్నాడు మెల్లగా. "పైకప్పు కూలినా బయటవడ్డ. గిందుకారా?"

అప్పటిదాకా ఉన్న నా ధీమా అంతా ఆ మాటతో ఎగిరిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క క్షణం గురించి మాత్రం నేనిప్పటికీ నవ్వలేను.

పోలీసాయన నా చెయ్యి విడిపించుకుని, ముద్దను పళ్లెంలో పెట్టి, "నడువు, సూపెట్టు" అన్నాడు. ముందు నేను, వెనక ఆయన ఎంగిలి చేత్తో, ఆ వెనక అవ్వ, సమ్మయ్య కాక, అందరికన్నా వెనక బాపు. మంచం పక్కకు లాగాను. ఆయన తలెత్తి ఏడు మొక్కల్నీ చూశాడు. చుట్టూ తిరిగాడు. తాళ్లు చూశాడు. ఒక ఆకు తుంపి నమిలాడు. లేత పసుపు రంగు పువ్వొకటి కోసి తిప్పి చూశాడు.

"ఎన్ని దినాల సంది పెంచుతున్నవ్?"

"మూడు నెలలు సార్."

"దుమ్ము లేదేంది ఆకుల మీద?"

"రోజు తువ్వాలతోని తుడ్సిన సార్."

ఆయన మొహంలో ఏదో కదిలింది. "సూడు తమ్మీ, నా సర్వీసుల మస్తు మందిని వట్టుకున్న. పుంటికూర వెట్టి లొంగిపోయినోన్ని నిన్నే సూసుడు."

సమ్మయ్య కాక పకాలున నవ్వాడు. బాపు గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ మూడు నెలలు చదివిన చదువు ఊరుకోనివ్వలేదు.

"లేదు సార్, జర మంచిగ సూడుండ్రి! గిదీ ఫోన్ల ఫోటో. ఆకుకు ఏడు వేళ్లు ఉండాలె, నావి అయిదు వేళ్ల కాడ ఆగినయ్ గంతే. రెండాకులు తింటెనే నాకు భూమి ఊగింది సార్!"

"ఊగినప్పుడు టైమెంత?"

"రెండున్నర సార్."

"బ్లాస్టింగ్ టైము గదేనాయె!"

"సగం బ్లాస్టింగ్‌ది సార్, సగం..."

"ఊకోరా!" అని అవ్వ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇడిసిపెడుతుంటె నేరం నాదే నాదే అని కొట్లాడుతడేంది వీడు! ఎవడో పిచ్చోడు పుంటికూరను తాళ్లేసి కట్టిండు, పాపం అనుకున్న. నా కడుపునే పుట్టిండని నాకేం ఎరుక!"

"నువ్వు తెంపుతున్నవని నాకెందుకు చెప్పలేదే?"

"కూర యాడిదని ఏనాడన్న అడిగినవార నువ్వు?"

గింజలు ఎవరిచ్చారని పోలీసాయన అడిగాడు. బావకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "బావా, పోలీసు సార్ అడుగుతున్నడు, నిజం చెప్పు, నువ్విచ్చింది ఏంది?"

అటు బావ గట్టిగా నిట్టూర్చాడు. "మా అవ్వ డబ్బల దాసుకున్న పుంటికూర ఇత్తులు సార్. లేదంటె వీడు ఇంకెవన్నన్న అడిగి నిజంగనే తెచ్చుకుంటడు. ఉద్యోగం ఫైలు నడుస్తున్నది, మా మామ ఆగమైతడు. నెల రోజులల్ల వానికే ఎరుకైతది, నవ్వుకుంటడనుకున్న సార్. వీడు గింత దూరం వస్తడని నేననుకోలే."

"మంచి పని చేసినవ్," అని పోలీసాయన ఫోన్ నా చేతికిచ్చాడు. నవ్వు ఆపి నా కళ్లలోకి చూశాడు. "ఇను తమ్మీ. గదే నిజమైనదైతె ఇయ్యాల ఫైలు కాదు, నువ్వు నా ఎంబడి వస్తుంటివి. మీ బాపు గా నడుముతోని కోర్టు మెట్లెక్కుతుండె. సమజైందా?"

సమజైంది. ఆ మాట మళ్లీ చెప్పించుకునే అవసరం ఇంతవరకూ రాలేదు.

ఆయన తిరిగొచ్చి పళ్లెం ముందు కూర్చుని ఆగిన ముద్ద అందుకున్నాడు. ఇంకోసారి కూడా వడ్డించుకున్నాడు. వెళ్లేముందు అవ్వ ఒక పెద్ద సంచి నిండా ఆకు తెంపి ఇచ్చింది. నేను తోటంతా పోయిందే అన్నట్టు చూస్తుంటే బాపు నన్ను ఒక చూపు చూశాడు. పోలీసాయన ఫైలు తెరిచి ఏదో రాశాడు. ప్రాణం ఆగక, ఏం రాశారు సార్ అని అడిగాను. కాగితం నా వైపు తిప్పాడు. నేర స్వభావం ఏదీ కనబడలేదు, నడవడిక బాగున్నది అని ఉంది.

"రాసింది గది," అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ. "రాయంది గూడ చెప్తున్న ఇను. నేరం చేద్దామనుకున్నా నీతోని గాదు. మూడు నెలలు తిప్పలవడి పప్పులకు కూర పండిచ్చినవ్. సక్కగ నౌకరీ చేసుకో."

పోలీసు శాఖ నుంచి ఇంతకన్నా గట్టి హామీ ఎవరికైనా దొరుకుతుందా? దొరకదు. నెల తిరగకముందే ఆర్డరు వచ్చింది. బాపు ఆ కాగితం చేతిలో పట్టుకుని, నా పేరు ఉన్న చోట వేలితో రెండుసార్లు తడిమాడు. నా మీద కోపం ఆ రోజుతో పోయింది. అవ్వ ఈసారి మైసూర్‌పాక్‌తో పాటు వరుసలో ఇంటికో కట్ట పుంటికూర కూడా పంచింది.

చేరిన రోజు ఆఫీసులో నన్ను ఏ పనికి వేస్తారోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. టోపీ దీపాలిచ్చే లాంప్‌రూమా, వర్క్‌షాపా, బాయిలోకి దించుతారా? క్లర్కు కాగితం చూసి, తీరిగ్గా చదివాడు. గనులు తవ్వి పోసిన మట్టి కుప్పల మీద అడవి పెంచడానికి కంపెనీ నడిపే నర్సరీలో వేశారట. పని ఏమిటయ్యా అంటే, గింజలు నాటి మొక్కలు చేయడం. అక్కడే సంతకం చేశాను. బయటికొచ్చి, కుడిచెయ్యి పైకెత్తి, ఎదురుగా ఆగి ఉన్న బొగ్గు లారీ సాక్షిగా ఇలా ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా చేతికి ఏ గింజ వచ్చినా, దాని ఫోటో తీసి మా అవ్వకు పంపి, ఆమె పేరు చెప్పేవరకు మట్టిలో పెట్టను. మరీ ముఖ్యంగా, అన్నం తింటున్న పోలీసు చెయ్యి పట్టుకోను.